అరేబియా ఓరిక్స్ పరిరక్షణ: అంతర్జాతీయ సహకార చరిత్ర – ఒక పరిశీలన

విచ్చలవిడి వేట వల్ల అరేబియా ఓరిక్స్ అనే ఎడారి జింకజాతి అంతరించే స్థితికి చేరింది. 1962లో బ్రిటన్‌లోని ఫానా ప్రిజర్వేషన్ సొసైటీ ‘ఆపరేషన్ ఓరిక్స్’ చేపట్టింది. ఏడెన్ రక్షిత ప్రాంతంలో పట్టుకున్నవాటిలో మూడు బతికాయి. లండన్ జంతుప్రదర్శనశాల, కువైట్, సౌదీ అరేబియా ఇచ్చినవాటితో కలిపి తొమ్మిదింటితో అమెరికాలోని ఫీనిక్స్‌లో ‘ప్రపంచ మంద’ ఏర్పడింది.

1972లో ఎడారిలోని చివరి ఓరిక్స్‌లు వేటకు బలయ్యాయి. మంద సంతతిని 1982లో ఒమాన్ ఎడారిలో విడిచిపెట్టారు. అక్కడ 1996లో 450గా ఉన్న సంఖ్య దొంగవేట వల్ల 65కు పడిపోయింది. ప్రభుత్వం అభయారణ్యాన్ని 90 శాతం కుదించడంతో 2007లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితా నుండి తొలగించింది. ఇతర దేశాలలో పునఃప్రవేశం ఫలించినందున 2011లో ఐయూసీఎన్ ఈ జాతిని ‘దుర్బల’ శ్రేణికి మార్చింది.

కనుక అంతర్జాతీయ సహకారం జాతిని బతికించగలదు. దాని నేలను నిలపవలసింది మాత్రం స్థానిక పాలనే.