చెక్కు ఎప్పుడు మురిగిపోతుంది?

ఇండియా వెళ్ళినప్పుడు అద్దె బాకీకో, అమ్మిన స్థలం తాలూకు సొమ్ముకో ఎవరో రాసిచ్చిన చెక్కుని సూట్‌కేసులో పెట్టుకుని అమెరికా తెచ్చేసుకునేవాళ్ళు మనలో లేకపోలేదు. "ఆర్నెల్ల టైముందిగా, మళ్ళీ వెళ్ళినప్పుడు వేసుకోవచ్చు" అనుకుంటారు. ఆ ఆర్నెల్ల లెక్క ఇప్పుడు ఇక్కడిదే గానీ అక్కడిది కాదు. అసలు అదెలా పుట్టిందో ఈ వారం చెప్పుకుందాం.

ఇప్పటికీ భద్రంగా ఉన్న బాగా పాత చెక్కుల్లో ఒకటి లండన్‌లో 1659 ఫిబ్రవరి 16 తేదీతో రాసింది (ఈనాటి క్యాలెండరు ప్రకారం 1660 అనుకోండి). నికొలాస్ వానాకర్ అనే ఆయన క్లేటన్, మోరిస్ అనే ఇద్దరు బ్యాంకర్ల మీద 400 పౌన్లకి రాశాడు. అందులో తేదీ ఉంది, గడువు లేదు. రెండొందల ఏళ్ళ తర్వాత వచ్చిన చట్టాలు, అంటే ఇండియాలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, ఇంగ్లండులో 1882 నాటి చట్టం కూడా నెలల లెక్క చెప్పలేదు. "సమంజసమైన కాలంలో" బ్యాంకుకి చూపించమన్నాయి, అంతే.

అప్పటి చట్టం భయమంతా బ్యాంకు మునుగుతుందనే. 1881 చట్టంలో 84వ సెక్షను కింద ఒక ఉదాహరణ ఉంది. ఒకతను వెయ్యి రూపాయలకి చెక్కు రాశాడు, ఖాతాలో డబ్బుంది. తీసుకున్నవాడు తాత్సారం చేశాడు, ఈలోగా బ్యాంకు దివాలా తీసింది. అప్పుడు రాసినవాడి బాధ్యత తీరిపోయినట్టే, తీసుకున్నవాడు వెళ్ళి మునిగిన బ్యాంకుని అడుక్కోవాలి. అమెరికాలో 1930 నుంచి 1933 దాకా సుమారు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. ఆ రోజుల్లో చెక్కుని జేబులో పెట్టుకు తిరగడమంటే నిప్పు మూటగట్టుకోవడమే. 1934లో డిపాజిట్లకి బీమా వచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది.

ఆరు నెలలన్నది బ్యాంకుల అలవాటు. అంత పాత చెక్కు వచ్చిందంటే అది ఎక్కడో పోయి దొరికిందో, దాని బదులు ఇంకోటి రాసిచ్చేశారో అని అనుమానం. 1950ల నుంచి అమెరికా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చేపట్టిన యూనిఫాం కమర్షియల్ కోడ్ ఈ అలవాటునే చట్టంలో రాసింది. అయితే మెలిక చూడండి: ఆర్నెల్లు దాటితే బ్యాంకు డబ్బివ్వనక్కర్లేదు అందే గానీ, ఇవ్వకూడదు అనలేదు. పైగా చెక్కు అడుగున అయస్కాంత సిరాతో అచ్చేసే అంకెల్లో బ్యాంకు నంబరు, ఖాతా నంబరు ఉంటాయి, తేదీ ఉండదు. మాలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళకి తెలుసు, చదవని అంకెని మెషీను పట్టించుకోదు. అందుకే ఏడాది నాటి చెక్కు కూడా ఒక్కోసారి చల్లగా పాసైపోతుంది.

ఇండియాలో కూడా ఆర్నెల్లు చాలాకాలం అలవాటే. కొందరు చెక్కుల్ని, డ్రాఫ్టుల్ని ఆర్నెల్లపాటు నోట్లలాగా చేతులు మారుస్తున్నారని 2011 నవంబరులో రిజర్వు బ్యాంకు గడువు తగ్గించింది. ఏప్రిల్ 1, 2012 నుంచి తేదీ వేసిన చెక్కుకి మూడు నెలలే. కొందరి ఆటకి అందరి గడువూ సగం కోసెయ్యడం నాకైతే అంత సబబుగా అనిపించదు, దూరదేశాల్లో ఉన్నవాళ్ళకి మరీను.

నష్టం ఎక్కడంటే, చెక్కు బౌన్సైతే క్రిమినల్ కేసు పెట్టే 138వ సెక్షను 1989 నుంచి అమల్లో ఉంది. ఆరు నెలలు లేదా చెక్కు గడువు, ఏది ముందైతే దాని లోపలే బ్యాంకులో వెయ్యాలని అందులో షరతు. కాబట్టి నాలుగో నెలలో వేస్తే డబ్బూ రాదు, ఆ చెక్కు మీద ఆ కేసూ నిలబడదు. బాకీ మాత్రం పోదు. మామూలుగా మూడేళ్ళలోగా సివిల్ దావా వెయ్యొచ్చు, లేదా మర్యాదగా కొత్త చెక్కు అడగొచ్చు.

నాన్నగారి బీరువాలో పాత డివిడెండు వారంట్లు దొరికితే వాటినీ పారెయ్యకండి. ఏడేళ్ళు ఎవరూ తీసుకోని డివిడెండు కేంద్ర ప్రభుత్వపు ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కి వెళుతుంది. అక్కణ్ణించి వారసులు కూడా అర్జీ పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు.