కోడిగంప నుంచి కోడిగూడు దాకా

మా అమ్మమ్మగారింట్లో కోళ్ళకి గూడంటూ ఉండేది కాదండీ. పెద్దకోళ్ళు చీకటి పడగానే జామచెట్టెక్కేవి. పిల్లలకోడికి మాత్రం వెదురు గంప. సాయంత్రం నూకలు చల్లి, తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసి, పైన పొత్రం బరువు పెట్టేది. గుడ్ల డబ్బులు తాతయ్య లెక్కలోకి వెళ్ళేవి కావు. అమ్మ పదో తరగతి పరీక్ష ఫీజు ఆ చిల్లరతోనే కట్టారట.

1971లో బి.వి.రావు గారు వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. షెడ్లొచ్చాయి, అప్పులొచ్చాయి, 1982లో రైతులు ధర తామే చెప్పుకోవడానికి నెక్ వచ్చింది. గుడ్డు అందరికీ అందింది, కాదనను. అమ్మమ్మ చిల్లర డబ్బా మాత్రం ఖాళీ అయింది.

తర్వాత హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజా జాతిని తయారుచేసింది. నేను తెచ్చిన పిల్లలు అవే. వీటికి తల్లి ఉండదు కదా! అందుకే మొదటి ఐదారు వారాలు బల్బు వేడి కావాలి, ఆ తర్వాతే పెరడు. నేను తొందరపడి అమ్మమ్మలాగే గంప మూశాను. ముంగిస అంచు కింద మట్టి తవ్వి ఒక్కరాత్రిలో నాలుగింటిని ఎత్తుకుపోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇప్పుడు రెండడుగుల కాళ్ళమీద గూడు కట్టించాను, చుట్టూ సన్నకళ్ళ ఇనుప జాలీ. అమ్మ వచ్చి చూసి, "గొళ్ళెం నీ చేతికందేలా పెట్టించవే, రోజూ మూసేది నువ్వే" అంది. వడ్రంగిని మళ్ళీ రమ్మన్నాను.