పొక్కు, బొబ్బ, దద్దు

మా అమ్మమ్మ ఒంటిమీద ఏం లేచినా "ఒళ్ళు పేలింది" అనేసేది. చెమటకాయలూ, గజ్జీ, చీముపొక్కులూ అన్నీ ఆ ఒక్కమాటలో సర్దుకునేవి. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ డాక్టర్ల పరిస్థితీ ఇంతకంటే మెరుగ్గా ఏం లేదు. ఒకే పేరుతో ఒక్కొక్కరూ ఒక్కో జబ్బుని పిలిచేవారు.

ఈ చిక్కు విప్పడానికి పూనుకున్నవాడు రాబర్ట్ విల్లన్ (1757–1812). కేరీ స్ట్రీట్‌లో పేదల కోసం పెట్టిన వైద్యశాలలో డాక్టరు. జబ్బు పేరు సంగతి తర్వాత, ముందు చర్మం మీద ఏం కనిపిస్తోందో చెప్పమన్నాడాయన. చిన్నగా, గట్టిగా లేస్తే పాప్యూల్. లోపల తేటనీరుంటే వెసికల్. అదే పెద్దదైతే బుల్లా, అంటే మన బొబ్బ. చీముంటే పశ్చ్యూల్. పొలుసులు, మచ్చలు, గడ్డలు, ఎర్రటి దద్దులు కలుపుకుని మొత్తం ఎనిమిది తరగతులు. ఈ వర్గీకరణకి 1790లో లండన్ మెడికల్ సొసైటీ ఫోథర్‌గిల్ పతకం ఇచ్చింది. రంగుబొమ్మలతో వేసిన ఆయన పుస్తకం 1808 నాటికి నాలుగు తరగతుల దగ్గరే ఆగిపోయింది. ఎనిమిదింటినీ కలిపి సంగ్రహంగా 1813లో అచ్చువేసింది శిష్యుడు థామస్ బేట్‌మన్.

ఇవాళ్టికీ డాక్టర్లు వాడేవి చాలావరకు ఆ మాటలే. తరగతులు మాత్రం నిలబడలేదు. గజ్జినే చూడండి, అది చీముపొక్కుల్లోకి వెళ్ళింది. దానికి కారణం ఒక చిన్న పురుగని ఇటలీలో బొనోమో 1687లోనే రాసిపెట్టాడు! ఎర్రర్ మెసేజిని బట్టి బగ్గుల్ని సర్దినట్టుంది కదా. నేను రోజూ చేసే పని అదే కాబట్టి విల్లన్‌ని చూసి నవ్వలేను.

నన్ను ఇబ్బందిపెట్టింది ఎర్రదద్దుల తరగతి. తట్టు, దద్దుర్లు అందులోనే ఉంటాయి. దాని నిర్వచనమే ఎర్రటి మచ్చలు, వాటి మధ్యలో చర్మం మామూలు రంగు. ఎవరి మామూలు రంగు? విల్లన్ చూసిన ఒళ్ళు చాలావరకు తెల్లవి.

పోయినేడు రాత్రిపూట మా అమ్మకి ఒళ్ళంతా దురద మొదలైంది. వీడియోకాల్లో డాక్టరు "ఎర్రగా ఉందా?" అనడిగారు. అమ్మది చామనఛాయకంటే ఓ మెట్టు నలుపు. లైటు దగ్గరగా పెట్టి ఎంత చూసినా నాకు ఎరుపు కనపడలేదు. "లేదండీ" అనేశాను. ఆవిడ వేరే ప్రశ్నల్లోకి వెళ్ళిపోయారు. ఈలోపు అమ్మే నా చెయ్యి పట్టుకుని తన జబ్బమీద పెట్టుకుంది. వేళ్ళకింద వెచ్చగా, రూపాయిబిళ్ళంత వెడల్పున దద్దులు.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం" అన్నాను.