ప్లాన్డ్ గివింగ్ అధికారి

తన ఆస్తిలో కొంత భాగం కళాశాలకో, ఆస్పత్రికో, చర్చికో, సేవాసంస్థకో చెందాలని కోరుకునే దాత చేత బతికుండగానే చట్టబద్ధమైన ఏర్పాటు చేయించే ఉద్యోగి ప్లాన్డ్ గివింగ్ అధికారి. ఈ వృత్తి పూర్తి రూపం దాల్చింది అమెరికాలో. విరాళాల సేకరణలో ఇదొక శాఖే అయినా పని తీరు వేరు. మిగతా సేకర్తలు దాత ఈ ఏటి సంపాదనలోంచి ఇవ్వగలిగింది అడుగుతారు. వీరి సంభాషణ ఇల్లు, పొలం, షేర్లు, పదవీ విరమణ నిధి వంటి జీవితకాలంలో కూడబెట్టిన ఆస్తుల మీద సాగుతుంది. ఆ దేశంలో ఏటా అందే విరాళాల్లో వీలునామాల ద్వారా వచ్చేది ఇటీవలి సంవత్సరాల్లో 8 శాతం ప్రాంతంలో ఉంది.

వృత్తి కంటే పద్ధతి పాతది. అమెరికా స్వాతంత్ర్య పోరాట ఘట్టాలను చిత్రించిన జాన్ ట్రంబుల్ 1831లో తన చిత్రాలను యేల్ కళాశాలకు అప్పగించి, బదులుగా బతికినంత కాలం ఏటా 1,000 డాలర్లు అందేలా ఒప్పందం చేసుకున్నాడు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. చేతిలో డబ్బు ఆడని ముసలివాడు సైతం గొప్ప దాత కాగలడని ఆ ఒప్పందం చూపింది. ఈ వృత్తికి పునాది అదే. 1843లో అమెరికన్ బైబిల్ సొసైటీ ఇలాంటి ఏర్పాటునే గిఫ్ట్ యాన్యుటీగా తన దాతల ముందు పెట్టింది. దాతలను ఆకర్షించాలని సంస్థలు పోటీపడి ఎక్కువ రేట్లు ప్రకటిస్తే చివరికి దానమే మిగలదు. ఆ ప్రమాదాన్ని అరికట్టేందుకు 1927లో ఏర్పడిన కమిటీయే నేటి అమెరికన్ కౌన్సిల్ ఆన్ గిఫ్ట్ యాన్యుటీస్. దాత కన్నుమూసే నాటికి ఇచ్చిన సొమ్ములో సగమైనా సంస్థకు మిగలాలన్న లెక్కతో అది రేట్లు సూచిస్తుంది. 2024 జనవరి నుంచి అమలైన పట్టిక ప్రకారం 75 ఏళ్ల దాతకు రేటు 7 శాతం. అంటే లక్ష డాలర్లు ఇచ్చిన వ్యక్తికి జీవితాంతం ఏటా 7,000 డాలర్లు వస్తాయి.

1940లలో కాలిఫోర్నియాలోని పొమోనా కళాశాలలో ఆలెన్ హాలీ ఇలాంటి జీవితకాల ఆదాయ ఒప్పందాలను పెద్ద ఎత్తున నడిపించాడు. 1969 నాటి పన్ను సంస్కరణ చట్టం చారిటబుల్ రిమైండర్ ట్రస్టులకు కచ్చితమైన నియమాలు పెట్టింది. ఆస్తిని ట్రస్టులో ఉంచి, దాతకో కుటుంబీకులకో జీవితాంతం లేదా గరిష్ఠంగా 20 ఏళ్లు ఆదాయం ఇచ్చి, మిగిలినది సంస్థకు అప్పగించడం వీటి విధానం. ఇక్కడినుంచి ఈ పనికి పన్నుల పరిజ్ఞానం తప్పనిసరైంది. చాలామంది న్యాయవాద వృత్తి, బ్యాంకు ట్రస్టు విభాగాలు, బీమా రంగాల నుంచి ఇటు వచ్చారు. 1988లో వీరికి జాతీయ సంఘం ఏర్పడింది. అయితే రోజువారీ పనిలో సింహభాగం ఈ చిక్కు లెక్కలది కాదు, వీలునామాలో రాసే ఒకటి రెండు వాక్యాలది. టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రస్సెల్ జేమ్స్ పరిశోధనల ప్రకారం పిల్లలు లేనివారు వీలునామాలో దానం రాసే అవకాశం ఎక్కువ. చట్టపు పరిభాష కంటే మామూలు మాటలే దాతను కదిలిస్తాయని కూడా ఆయన చూపాడు.

అందుకే ఈ ఉద్యోగానికి కావలసిన మనిషి అరుదు. ఎనభై ఏళ్ల వితంతువు ఇంట్లో గంటల తరబడి కూర్చుని, భర్త చదివిన కళాశాల కబుర్లు, దూరమైన కొడుకు సంగతి, ఇల్లు అమ్మాలా వద్దా అన్న బెంగ వినాలి. విన్నది కడుపులో దాచుకోవాలి. మరణం గురించి జంకు లేకుండా, తొందరపెట్టకుండా మాట్లాడగలగాలి. ఫలితం రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి ఆ అధికారి మరో ఊళ్లోనో విశ్రాంతిలోనో ఉంటారు. వీలునామాను దాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి మాట ఇచ్చినా పని పూర్తయినట్టు కాదు. ప్రతి మూడు నెలలకూ వసూళ్ల లెక్క అడిగే యాజమాన్యాలు ఈ వృత్తిని నీరుగారుస్తాయి. కలిసిన దాతలు, తెలిసిన వీలునామాలు, నిలిచిన పరిచయాలే ఇక్కడ సరైన కొలమానం.

అసలు పరీక్ష మరొకటుంది. జీతమిచ్చేది సంస్థ, నమ్మేది దాత. ఎదుటి మనిషి ఒంటరి, వృద్ధురాలు, అనారోగ్యంతో ఉన్నప్పుడు స్నేహానికీ ఒత్తిడికీ మధ్య గీత సన్నబడుతుంది. 1991లో ఆమోదించిన వృత్తి ప్రమాణాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి: దానం తెచ్చినందుకు కమిషన్ తీసుకోకూడదు, ఎవరి పక్షాన మాట్లాడుతున్నదీ ముందే చెప్పాలి, సొంత న్యాయవాదిని సంప్రదించమని దాతను ప్రోత్సహించాలి. కుటుంబానికి చెప్పమనడం కూడా మంచి అధికారి లక్షణం. దానం ఇవ్వడం మీ వృద్ధాప్యానికి క్షేమం కాదని చెప్పి ఖాళీ చేతులతో వెనుదిరిగిన అధికారి ఆ రోజు తన పని సరిగ్గా చేసినట్టే.

భారతదేశంలో దీన్ని వృత్తిగా చేసేవారు అరుదు గానీ శాశ్వత నిధి ఆలోచన తెలుగువారికి కొత్త కాదు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదాన పథకం విరాళాలను బ్యాంకుల్లో ఉంచి వడ్డీతో భోజనం పెట్టే పద్ధతిపై నిర్మితమైంది. అదే ఏడాది కేంద్రం, చనిపోయినవారి ఆస్తిపై వేసే పన్ను అయిన ఎస్టేట్ డ్యూటీని రద్దు చేయడంతో, మరణానంతర దానానికి అమెరికాలో ఉన్న పన్ను ప్రేరణ ఇక్కడ లేకుండా పోయింది. డబ్బు రూపంలో ఇచ్చే విరాళానికి ఆదాయపు పన్ను రాయితీ ఉన్నా, స్థలం, బంగారం వంటివాటికి అది వర్తించదు. 1925 నాటి వారసత్వ చట్టంలోని 118వ సెక్షన్, దగ్గరి బంధువులున్న క్రైస్తవులు ధర్మకార్యాలకు ఆస్తి రాయడంపై ఆంక్షలు పెట్టేది. 2003లో జాన్ వల్లమట్టం కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ప్రస్తుతం వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. అమెరికాలో ఒక ఉద్యోగి చేసే పనిని ఇక్కడ న్యాయవాది, ఆడిటర్, దస్తావేజు లేఖరి తలా కాస్తా చేస్తున్నారు. వారిలో ఎవరికీ దాతతో ఏళ్ల తరబడి కూర్చునే తీరిక లేదు.