పొలిమేర దాటిన మరిడి

మా నాయనమ్మది పార్వతీపురం దగ్గర పల్లె. కలరా అనే మాట ఆవిడ నోట వచ్చేది కాదు, మరిడి అనేది. ఊళ్లో వాంతులూ విరేచనాలూ మొదలైతే కొత్తకుండకి పసుపు రాసి, వేపమండలు కట్టి, డప్పులతో మరిడమ్మని పొలిమేర దాటించేవారట. ఆ రాత్రి ఎవరూ బయటికి తొంగిచూడకూడదు. “ఒలే గుంటా, తలుపేసీ, తల్లి ఎల్తంది” అని వాళ్లమ్మ కసిరిన తీరు నాయనమ్మ నాకు చేసి చూపించేది. అవతలి ఊరివాళ్లు తమ వంతు రాగానే మరిడమ్మని ఇంకో ఊరికి సాగనంపేవారు.

నేను పుట్టిందీ, ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరైందీ రాయగడలో. ఇంట్లో తెలుగు, పనిలో ఒడియా. 1936 ఏప్రిల్ 1 దాకా కోరాపుట్, రాయగడ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం ఏజెన్సీయే కాబట్టి, మరిడమ్మ కథలు ఇక్కడ ఎవరికీ కొత్త కాదు.

2007 వానాకాలంలో మా కొండల్లోని కాశీపూర్, దశమంతపూర్ బ్లాకుల్లో మనుషులు రాలిపోయారు. ఒక సాయంత్రం మాకు వచ్చిన శాంపిల్‌ని నేనే చూశాను. గుంట స్లైడు మీద చుక్కని తలకిందులుగా వేలాడదీసి కన్ను ఆనిస్తే, తొలివానకి దీపం చుట్టూ లేచిన ఉసిళ్లలా క్రిములు అటూ ఇటూ దూసుకుపోతున్నాయి. కలరా క్రిమిని పట్టిచ్చే ఒగావా సీరం కలిపాను. ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మర్నాడు పొద్దున క్రిమిని పెంచే టీసీబీఎస్ పళ్లెం తీస్తే ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు, వేలితో అద్దినట్టు. ఆ పసుపు చూడగానే నాకు నాయనమ్మ కుండ గుర్తొచ్చింది.

అప్పుడు చాలామంది నోట ఒకటే మాట: “వీళ్లు మామిడి టెంకల అంబలి తాగుతారు, పాచిపోయిన మాంసం తింటారు, రోగాలు రాక ఏం వస్తాయి?” ఆ మాటకి నా ఒళ్లు ఇప్పటికీ మండుతుంది. ఆషాఢం, శ్రావణాల్లో ఇంట్లో చోళ్లు అయిపోతే ఎండబెట్టిన టెంకలే దిక్కు. 2001లో కాశీపూర్ ఆకలిచావులు దేశమంతా పేపర్లకెక్కాయి కదా. కానీ కలరా టెంకలో పుట్టదు. గెడ్డ పక్కన ఇసుకలో తవ్వుకున్న చెలమలోకి, గట్టు మీది మలాన్ని వాన కడిగి తెస్తుంది. తప్పు నీళ్లది, నీళ్లు అందించనివాళ్లది.

ఆ క్రిమి లోపల ఏముందో నాకు తెలిసింది తర్వాత. కలరా ప్రాణం తీసేది విషంతో అని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. ఆ విషం జన్యువు మాత్రం క్రిమి సొంతం కాదు, అప్పు తెచ్చుకున్నది. అప్పిచ్చింది ఒక వైరస్ అని 1996లో వాల్డర్, మెకలనోస్ చెప్పారు. దారప్పోగులా సన్నగా ఉంటుంది, దాని రాతంతా కలిపి 7 వేల అక్షరాలు. క్రిమిని చంపదు, దాని జన్యుపదార్థంలోకి చొరబడి అక్కడే కాపురం పెడుతుంది.

కలరా క్రిముల్లో రెండు కుదుళ్లున్నాయి. పాతది క్లాసికల్, మన పాతతరం మరిడి అదే. రెండోది 1905లో సినాయ్‌లో హజ్ యాత్రికుల క్వారంటైన్ కేంద్రంలో దొరికిన ఎల్‌టార్. 1961లో ఇండొనేషియాలో సులవేసి నుంచి బయల్దేరి 1964కల్లా భారత్ చేరి, క్లాసికల్‌ని పక్కకి నెట్టేసింది. నీళ్లలో ఎక్కువకాలం బతుకుతుంది. ఎందరి కడుపుల్లోనో చడీచప్పుడూ లేకుండా ఉండి ఊళ్లు దాటుతుంది. ఒక్కో కుదురులో ఒక్కో వైరస్ కాపురం. దాయాదుల్లాంటి ఆ వైరస్‌ల జన్యుతంతువులు ఒకే కణంలో పడ్డప్పుడు అక్కడక్కడా తెగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. అలా పుట్టిన కొత్త వైరస్‌లో దాన్ని అణచి ఉంచే కాపలా జన్యువు ఎల్‌టార్‌ది, విషం జన్యువు క్లాసికల్‌ది. క్లాసికల్ క్రిమి కనుమరుగైంది కానీ దాని విషం ఎల్‌టార్ ఒంట్లో బతికింది. మనిషిని ఇంకా త్వరగా పిండేసే కలరా వచ్చింది.

2007 ఒడిశా కలరా అలాంటిదే. గ్వాలియర్ రక్షణ పరిశోధనశాల వాళ్లు 2009లో అచ్చువేసిన వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. అరువు తెచ్చుకున్న ఆ విషం రాతలోనూ ఒక అక్షరం మారి, ప్రొటీన్‌లో 20వ చోట హిస్టిడిన్ పోయి ఆస్పరజిన్ చేరింది. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. టెంకల అంబలి తాగారని తిట్టించుకున్నవాళ్ల కడుపులోకి వచ్చింది వాళ్ల అలవాటు కాదు, ఖండాలు తిరిగి దాయాదులతో పంపకాలు చేసుకున్న కొత్త క్రిమి.

2010 అక్టోబరులో హైతీలో కలరా పుట్టింది. ఆ విషం జన్యువులోనూ 20వ చోట అదే మార్పు. మా కొండల నుంచి వెళ్లిందని కాదు. అక్కడికి చేర్చింది నేపాల్ నుంచి వచ్చిన ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల శిబిరం మురుగు. అది ఆర్టిబొనీట్ నదిలో కలిసింది, 10 వేల మంది దాకా పోయారు. అక్కడా జనం తాగింది ఏటి నీళ్లే.

విషం ఏ రాతలో ఉన్నా పేగులో ఒక దారిని మూయలేదు. గ్లూకోజు చేయిపట్టుకుని ఉప్పు లోపలికి పోయే దారి అది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ప్రాణాలు నిలబెట్టింది దాన్ని నమ్ముకునే. 2007లో కాశీపూర్ వైపు ఒక పల్లెలో, కొడుకుని ఒళ్లో పెట్టుకున్న తల్లికి నేనూ ఓఆర్‌ఎస్ పొట్లం ఇచ్చి, లీటరు నీళ్లలో కలపమన్నాను. ఆమె పొట్లాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. “ఏ నీళ్లమ్మా?” అని గెడ్డకేసి చెయ్యి చూపించింది.