తప్పిన గండాన్ని ఎవరికి చెప్పాలి?

1974 డిసెంబరు 1న ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ 514వ నంబరు విమానం వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతూ వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండను ఢీకొంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. విమానాశ్రయం ఇంకా 44 నాటికల్ మైళ్ల దూరంలో ఉండగానే అప్రోచ్‌కి అనుమతి వచ్చింది. అనుమతి వచ్చింది కాబట్టి 1,800 అడుగులకు దిగిపోవచ్చని పైలట్లు అనుకున్నారు. ఎత్తు చూసుకోవలసింది పైలట్లేనని కంట్రోలర్ అనుకున్నాడు. ఈ రెండు అనుకోవడాల మధ్య కొండ ఉంది. ఆరు వారాల ముందు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి ఇదే అనుమతిని ఇలాగే అపార్థం చేసుకుని ఇదే కొండ మీంచి వెంట్రుకవాసిలో బయటపడిందని తర్వాత తెలిసింది. ఆ పైలట్లు దాచలేదు, కంపెనీకి చెప్పారు. కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది కూడా. కానీ ఆ హెచ్చరిక ఇంకో కంపెనీ పైలట్ల దాకా వెళ్లే దారి అప్పటికి లేదు.

విమాన ప్రయాణం ఇంత క్షేమంగా మారడానికి మెరుగైన ఇంజిన్లు, రాడార్లు, బ్లాక్ బాక్సులే కారణమని మామూలుగా చెప్పుకుంటాం. అవి లేకుండా ఏదీ జరిగేది కాదు, నిజమే. అయితే గత యాభై ఏళ్ల చరిత్ర చూస్తే యంత్రాలతో సమానంగా పనిచేసింది మరొకటి కనిపిస్తుంది. తన పొరపాటు చెప్పుకునే పైలట్ ఎవరికి భయపడాలి, ఎవరికి భయపడనక్కర్లేదు అన్న ఏర్పాటు అది. 1951లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన ఒప్పందానికి 13వ అనుబంధాన్ని ఆమోదించినప్పటి నుంచి ప్రమాదాల దర్యాప్తుకు పద్ధతి ఏర్పడుతూ వచ్చింది. కానీ దర్యాప్తు మొదలవ్వాలంటే ముందు ప్రమాదం జరగాలి. గండం తప్పించుకున్న వారి దగ్గర అంతకన్నా చవకైన జ్ఞానం ఉంది. కానీ లైసెన్సు పోతుందన్న భయంతో వారు నోరు విప్పరు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1968లో, గాలిలో ఢీకొనబోయి తప్పించుకున్న సంఘటనలు చెప్పిన వారిపై చర్య ఉండదని ప్రకటించగానే నివేదికలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ రక్షణ తీసేశాక తగ్గిపోయాయి. ఆకాశంలో గండాలు తగ్గాయనుకోవడానికి వీల్లేదు, చెప్పేవారు తగ్గారంతే.

మౌంట్ వెదర్ తర్వాత ఎఫ్‌ఏఏ 1975 మేలో స్వయంగా ఒక నివేదికల పథకం పెట్టింది. శిక్ష ఉండదని హామీ ఇచ్చినా పైలట్లు పెద్దగా ముందుకు రాలేదు. దొంగతనం జరిగిందని దొంగే పోలీసు స్టేషన్‌కి వెళ్లి చెప్పుకోవాలన్నట్టుంది ఆ పథకం. ఈ చిక్కుకు దొరికిన పరిష్కారం చాలా సాదాది, అందుకే నాకు గొప్పదిగా కనిపిస్తుంది. వినే పనిని శిక్షించే అధికారం లేని మూడో సంస్థకు అప్పగించారు. 1976 ఏప్రిల్‌లో నాసా చేతుల మీదుగా ఏఎస్‌ఆర్‌ఎస్ అనే విమానయాన భద్రతా నివేదికల వ్యవస్థ మొదలైంది. దాన్ని రూపొందించిన వారిలో ముఖ్యుడు నాసా ఏమ్స్ కేంద్రంలోని వైద్యుడు చార్లెస్ బిల్లింగ్స్. పైలట్‌గానీ కంట్రోలర్‌గానీ రాసి పంపిన కాగితం మీద పేరూ చిరునామా ఉన్న చీటీని చించి, తేదీ ముద్ర వేసి, పంపినవారికే తిప్పి పంపుతారు. సంఘటన జరిగిన 10 రోజుల్లోపు రాస్తే, అది ఉద్దేశపూర్వకం కాకపోతే, గత 5 ఏళ్లలో ఉల్లంఘన తేలకపోతే, ఆ ముద్ర చూపించి జరిమానా నుంచీ లైసెన్సు సస్పెన్షన్ నుంచీ తప్పించుకోవచ్చు. నేరాలకూ ప్రమాదాలకూ ఈ రక్షణ లేదు. నివేదికల సారాన్ని 1979 నుంచి ‘కాల్‌బ్యాక్’ అనే చిన్న పత్రికగా అన్ని కంపెనీల పైలట్లకూ పంపిస్తున్నారు. ఇప్పటికి వచ్చిన నివేదికలు 20 లక్షలు దాటాయి.

మిగతా కథ త్వరగానే సాగింది. బ్రిటన్ 1982లో, ఆస్ట్రేలియా 1988లో ఇలాంటివే పెట్టుకున్నాయి. 1990ల చివరి నుంచి అమెరికాలో కంపెనీ, పైలట్ల సంఘం, ఎఫ్‌ఏఏ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని నివేదికలు చదివే పద్ధతి స్థిరపడింది. 2013లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ భద్రతా నిర్వహణకే 19వ అనుబంధాన్ని అమలులోకి తెచ్చింది. టికెట్ల ధరల్లో ఒకరినొకరు తొక్కుకునే కంపెనీలు భద్రత దగ్గర మాత్రం లెక్కలు విప్పి చూపించుకోవడం వ్యాపార చరిత్రలో అరుదైన సంగతే.

దీనికి ఎదురుగా వినిపించే వాదన తేలికైనది కాదు. వందల ప్రాణాలు చేతిలో ఉన్నవాడి తప్పును శిక్షించకపోతే నిర్లక్ష్యానికి ధైర్యం ఇచ్చినట్టు కాదా? ఉద్దేశపూర్వకంగా చేసినదానికి ఎవరూ రక్షణ అడగడం లేదు. పొరపాటును శిక్షిస్తే మాత్రం తరువాతి వాడు జాగ్రత్తపడడు, దాచిపెడతాడు. 2001 జనవరిలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాలు రెండు గాలిలో ఢీకొనబోయి తప్పించుకున్నాయి. దాదాపు వంద మంది గాయపడ్డారు, ఎవరూ చనిపోలేదు. విమానాల నంబర్లు తారుమారు చేసి చెప్పిన కంట్రోలర్లకు 2010లో అక్కడి సుప్రీంకోర్టు శిక్ష ఖాయం చేసింది. అలాంటి తీర్పు చదివిన మరో కంట్రోలర్ తన తడబాటు గురించి మనస్ఫూర్తిగా రాస్తాడని నమ్మడం కష్టం. ఇష్టమైనవారు రాసేవి కాబట్టి ఇవి లెక్కలకు పనికిరావన్నది మరో అభ్యంతరం. నిజమే, ఏఎస్‌ఆర్‌ఎస్ కూడా ఆ మాట ఒప్పుకుంటుంది. అయితే విమానం ఎంత ఎత్తున ఉందో రికార్డర్ చెబుతుంది, ఆ ఎత్తే సరైనదని పైలట్ ఎందుకు అనుకున్నాడో మనిషే చెప్పాలి.

అసలు లోపం వేరే చోట ఉంది. శిక్షించే అధికారం లేదు కాబట్టే నాసాకు అందరూ చెబుతారు. కానీ దానికి ఆజ్ఞాపించే అధికారం కూడా లేదు, హెచ్చరించడం వరకే. చెప్పిన మాట చేరవలసిన చోటికి చేరుతుందన్న పూచీ వేరెక్కడా కూడా లేదు. 2018 అక్టోబరు 28న లయన్ ఎయిర్ బోయింగ్ 737 మ్యాక్స్ ఒకటి గాలిలో మాటిమాటికీ ముక్కు దించుతుంటే, ఆ సిబ్బంది ముక్కును దించుతున్న మోటారు విద్యుత్తు స్విచ్ ఆపి క్షేమంగా దించారు. లాగ్ పుస్తకంలో ఆ ముఖ్యమైన వివరం రాయలేదు. మర్నాడు అదే విమానం సముద్రంలో పడి 189 మంది చనిపోయారు. ఇక 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయినప్పుడు సమాచారానికి కొరత లేదు. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు దాకా ఆ విమానాశ్రయం చుట్టుపక్కల విమానాలు, హెలికాప్టర్లు ఒకదానికొకటి నాటికల్ మైలులోపు దూరానికి వచ్చిన ఘటనలు 15,214 నమోదై ఉన్నాయని దర్యాప్తు సంస్థ తేల్చింది. 1974లో ఒక్క హెచ్చరిక పోటీ కంపెనీకి చేరలేదు. 2025లో పదిహేను వేల హెచ్చరికలు ఒకే చోట పోగుపడి ఉన్నా, ప్రమాదం జరిగేదాకా హెలికాప్టర్ల దారి మాత్రం మారలేదు.

మన దేశం ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉంది. ప్రమాదాల దర్యాప్తుకు 2012లో ఏఏఐబీ అనే వేరే సంస్థ ఏర్పడింది. కానీ స్వచ్ఛంద నివేదికలు తీసుకునేదీ, లైసెన్సులు రద్దు చేసేదీ ఇప్పటికీ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏయే. గోప్యతకు హామీ కాగితం మీద ఉంది, 1975లో ఎఫ్‌ఏఏ హామీ కూడా కాగితం మీద ఉండేది. పౌర విమానయాన మంత్రిత్వ శాఖ ఈ నివేదికలను శిక్షాధికారం లేని సంస్థకు అప్పగించాలి. ఆ సంస్థ ఇచ్చే ప్రతి హెచ్చరికకూ గడువులోగా ఏం చేశారో, చేయకపోతే ఎందుకు చేయలేదో డీజీసీఏ బహిరంగంగా జవాబు చెప్పేలా చట్టం తేవాలి.