కంచె గుంజ చరిత్ర

పశువుల దొడ్డిలో పాతబడిన గుంజను పెరికి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. నేలకు పైనున్న భాగం గట్టిగానే ఉంటుంది. రెండడుగుల లోతున మట్టిలో ఉన్న మొదలు కూడ చాలవరకు గట్టిగానే ఉంటుంది. పుచ్చిపోయేది నేల మట్టం దగ్గర జానెడు మేర మాత్రమే. గుంజ విరిగేదీ అక్కడే. కొయ్యతో దొడ్లు కట్టడం మనిషికి పశుపోషణ అంత పాత విద్య. ఆ విద్య యొక్క చరిత్రలో పెద్దభాగం ఈ జానెడు కొయ్యను కాపాడుకొనడానికి జరిగిన ప్రయత్నమే.

ఆ చోటుకే ఎందుకు చేటు వస్తుంది? కొయ్యను పుచ్చజేసేవి శిలీంధ్రాలు. వాటికి ఆహారంగా కొయ్య ఉండనే ఉన్నది. దానితోపాటు నీరూ కావాలి, గాలీ కావాలి. పైభాగంలో గాలి ఉన్నది గాని కొయ్య త్వరగా ఆరిపోతుంది. లోతున చెమ్మ ఉన్నది గాని గాలి చాలదు. రెండూ సమృద్ధిగా దొరికేది నేల మట్టం దగ్గర. ఇక ఎద్దు నాలుగడుగుల ఎత్తున మెడతో గుంజను నెట్టిందనుకొందాం. ఆ బలం యొక్క భ్రామకం కిందికి వచ్చేకొద్దీ పెరిగి, నేల మట్టానికి కొంచెం దిగువన అత్యధికమవుతుంది. అనగా గుంజ ఎక్కడ ఎక్కువ బలంగా ఉండాలో సరిగ్గా అక్కడే క్షీణిస్తుంది. గుండ్రని గుంజ వంపును తట్టుకొనే శక్తి దాని వ్యాసం యొక్క ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 4 అంగుళాల గుంజ చుట్టూ అర అంగుళం పుచ్చితే మిగిలేది 3 అంగుళాలు. 64కు 27, సగం బలం కూడ మిగలలేదన్నమాట.

రైతులు ఈ లెక్క వేయకుండానే చాల సంగతులు గ్రహించారు. గుంజ పొడవులో సుమారు మూడవవంతు భూమిలో ఉండాలనీ, గుంతలో మట్టిని ఒక్కసారిగా పోయక కొద్దికొద్దిగా పోస్తూ దిమ్మిస కొట్టాలనీ వారికి తెలుసు. అడ్డకర్రలను దొడ్డి లోపలివైపు బిగించడం కూడ ఇటువంటిదే. లోపలినుండి పశువు నెట్టినప్పుడు కర్ర గుంజకు మరింత అదుముకొంటుంది. బయటివైపు బిగిస్తే ఆ నెట్టుడుకు మేకులే ఊడివస్తవి. చిన్న సంగతే, కాని దొడ్డి నిలిచేదీ పోయేదీ దీనిమీదనే.

కొయ్యను ఎన్నుకొనడంలో కూడ పూర్వుల పరిజ్ఞానం తక్కువది కాదు. చెట్టు మధ్యనున్న చేవలో చెట్టు తానే నింపుకొన్న కొన్ని విషపదార్థాలుంటవి. టేకు, సండ్ర, వేగిస వంటి చెట్ల చేవ చెదలకూ శిలీంధ్రాలకూ సులభంగా లొంగదు. చేవ చుట్టూ ఉండే తెల్లని రసదారువుకు ఈ రక్షణ లేదు, అది ఎంత గొప్ప చెట్టుదైనా సరే. చేవ అనే మాటకు తెలుగులో బలమనే అర్థం కూడ ఏర్పడడంలో వింత లేదు. చేవగల కొయ్య దొరకనిచోట గుంజ మొదలును మంటలో కాల్చి పాతేవారు. ఇది బహు ప్రాచీనమైన ఉపాయం. క్రీ. పూ. 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ పునాదులలో దిగగొట్టే దుంగలను ఇట్లా కాల్చవలెనని వ్రాశాడు. బొగ్గును శిలీంధ్రాలు తినలేవన్నది నిజమే. కాని బొగ్గుపొర పలుచనిది, పగుళ్లు బారుతుంది; ఆ పగుళ్లగుండా శిలీంధ్రం లోపలి కొయ్యను చేరుతుంది. ఇంతకాలం బతికిన ఈ ఉపాయానికి దక్కిన పేరు దాని ఫలితంకంటె పెద్దదే.

19వ శతాబ్దంలో సమస్య స్వరూపం మారింది. రైలుమార్గాలకు స్లీపర్లు, తంతి తీగెలకు స్తంభాలు లక్షల సంఖ్యలో కావలసివచ్చినవి. అమెరికాలో 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగెకు పేటెంటు పొందిన తరువాత విశాలమైన పచ్చికబయళ్లకు కంచెలు వేయడం ఆరంభమైంది. తీగె కర్మాగారంలో తయారవుతుంది, గుంజ అడవిలో పెరగవలె! చెట్లు లేని కాన్సస్ మధ్యప్రాంతంలో రైతులు సున్నపురాతిని నిలువుగా చీల్చి రాతిగుంజలు పాతారు. అందరికీ ఆ రాయి దొరకదు గదా. త్వరగా పెరిగే, చేవ తక్కువైన కొయ్యనే మన్నికగలదిగా మార్చవలసివచ్చింది.

రసాయనశాస్త్రం అప్పటికే ఈ పనికి పూనుకొన్నది. 1832లో ఇంగ్లండులో కయాన్ అనే ఆయన మెర్క్యురిక్ క్లోరైడు ద్రావణంలో కొయ్యను నానవేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1838లో బెథెల్, కొయ్యను మూసిన ఇనుపపాత్రలో ఉంచి, లోపలి గాలిని తీసివేసి, కోల్‌తారు నుండి వచ్చే క్రియోసోటు నూనెను ఒత్తిడితో ఎక్కించే పద్ధతిని కనిపెట్టాడు. ఆ పాత్రా, ఆ ఒత్తిడీ ఈనాటికీ వాడుకలో ఉన్నవి. అదే కాలంలో ఫ్రాన్సులో బూషెరీ అనే వైద్యుడు అప్పుడే నరికిన దుంగల రసనాళాలగుండా మైలుతుత్తపు ద్రావణాన్ని పారించాడు. ఇవన్నీ కొంత అనుభవంతో, కొంత ఊహతో జరిగిన పనులు. శిలీంధ్రం పుచ్చువలన పుట్టేది కాదు, పుచ్చును పుట్టించేదే అదని జర్మనీలో రాబర్ట్ హార్టిగ్ స్పష్టపరచినది 1870 తరువాతి సంవత్సరాలలోనే.

క్రియోసోటు బాగా పనిచేస్తుంది గాని జిడ్డు, నలుపు, ఘాటైన వాసన. మైలుతుత్తం వంటి లవణాలు చౌక, శుభ్రం. అయితే వాటిలో ఒక చిక్కున్నది. నీటిలో కరిగితేనే లవణం కొయ్యలోనికి పోగలదు; నీటిలో కరిగేది గనుకనే వానకూ నేల చెమ్మకూ మళ్లీ బయటికి వచ్చేస్తుంది. నీటితో లోనికి పోవలె, నీటితో బయటికి రాకూడదు. దాదాపు నూరేండ్లపాటు పరిష్కారం కాని చిక్కు ఇది.

దీనిని విప్పినవాడు తెలుగువాడు. సొంఠి కామేశం డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో కొయ్యను కాపాడే పద్ధతులపై పనిచేసిన ఇంజనీరు. జర్మన్ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు రిఖార్డ్ ఫాల్క్‌తో కలసి ఆయన మొదట ఆర్సెనిక్‌నూ డైక్రోమేటునూ చేర్చి ఒక మందు తయారుచేశాడు. ఇద్దరి పేర్లూ కలిపి దానిని ‘ఫాల్కమేశం’ అన్నారు. 1933లో అందులో రాగిని కూడ చేర్చి ‘ఆస్కు’ను రూపొందించాడు. ఆర్సెనిక్, రాగి అనే రెండు మూలకాల సంకేతాలే ఆ పేరు. ఆర్సెనిక్ పెంటాక్సైడు 1 భాగం, మైలుతుత్తం 3 భాగాలు, డైక్రోమేటు 4 భాగాలు. ఇంతే దాని పాళ్లు. రాగి శిలీంధ్రాలను చంపుతుంది. ఆర్సెనిక్ చెదలనూ, రాగికి చావని కొన్ని శిలీంధ్రాలనూ చంపుతుంది. క్రోమియం చేసే పని వేరు. డైక్రోమేటులో ఆరు సంయోజకత గల క్రోమియం కొయ్యలోని పదార్థాలతో చర్య జరిపి మూడు సంయోజకతకు క్షయకరణం చెందుతుంది. అట్లా చెందుతూ తనతోపాటు రాగినీ ఆర్సెనిక్‌నూ కరగని సంయోగపదార్థాలుగా మార్చి కణకవచాలలో బంధించివేస్తుంది. ద్రావణం లోనికి పోయింది, బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. కొయ్యకు మిగిలే లేత ఆకుపచ్చ రంగే దీనికి గుర్తు.

1938లో ఆయనకు అమెరికా పేటెంటు కూడ లభించింది. తరువాతి దశాబ్దాలలో ఈ మిశ్రమం వేర్వేరు పాళ్లతో, వేర్వేరు పేర్లతో ప్రపంచమంతటా వ్యాపించింది. మిసిసిపీ రాష్ట్రపు వెచ్చని నేలలో మామూలు పైన్ కొయ్య రెండు మూడు సంవత్సరాలకే పుచ్చిపోగా, ఈ మందు బాగా ఎక్కించిన కొయ్యలు అర్ధశతాబ్దం దాటినా నిలిచినవి. న్యూజీలాండులో త్వరగా పెరిగే రేడియాటా పైన్ కొయ్య దొడ్లకూ కంచెలకూ పనికివచ్చింది దీనివల్లనే. ఆ కంచెల మధ్య పశువులను మేపే వారిలో కామేశం పేరు విన్నవారు ఎందరుంటారు? వారి మాట అటుంచి, మన పాఠ్యపుస్తకాలలోనైనా ఆయన పేరు కనిపించడం అరుదు.

అయితే బంధించిన విషం కూడ విషమే. కొయ్య ఉపరితలం నుండి కొద్ది కొద్దిగా ఆర్సెనిక్ చేతులకు అంటుతుందనీ, పిల్లలు ఆడుకొనే చోట్ల ఇది మంచిది కాదనీ తేలడంతో, 2003 చివరినుండి అమెరికాలో ఇండ్లలో వాడే కొయ్యకు ఈ మందు పెట్టడం ఆపివేశారు. పొలాల కంచె గుంజలకూ, స్తంభాలకూ అనుమతి ఉంచారు. మరింత పెద్ద ప్రమాదం పాత గుంజలను కాల్చడంలో ఉన్నది. మంట కణకవచాలను నాశనం చేస్తుంది గాని ఆర్సెనిక్‌ను నాశనం చేయలేదు. కొంత పొగలో పోయి మిగిలినది బూడిదలో చేరుతుంది. ఆ బూడిద ఉప్పగా ఉంటుంది గనుక పశువులు ఇష్టంగా నాకుతవి. అట్లా నాకి చనిపోయిన సందర్భాలున్నవి. ఏ పశువులకోసం గుంజ పాతారో వాటికే అది ముప్పు అయింది.

అందుచేత న్యూజీలాండులోని ద్రాక్షతోటలలో యంత్రాలు తగిలి విరిగిన గుంజలు ఏటా గుట్టలు పడుతున్నా వాటిని తగులబెట్టడానికి వీలులేదు. ఇటీవల వాటిని ఏరి, మేకులు పెరికి, పొడవుకు కోసి గొర్రెల, పశువుల కంచెలకు మళ్లీ పాతుతున్నారు. విరిగినా పుచ్చలేదు గనుక పొట్టిగుంజగా ఇంకొక ఆయుర్దాయం వాటికి మిగిలే ఉన్నది.